టేబుల్ ఖాళీ అయిందని చెప్పినందుకు డబ్బులా? డిస్నీ వరల్డ్ రిజర్వేషన్ అలర్ట్‌లు, వాటి న్యాయాన్యాయాలు

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, మేజిక్ కింగ్‌డమ్ పార్కు నడిబొడ్డున కనిపించే కోట లోపలే ఒక రెస్టారెంట్ ఉంది. పేరు సిండరెల్లాస్ రాయల్ టేబుల్. యువరాణుల వేషాల్లో ఉన్నవాళ్లు బల్లల దగ్గరికే వచ్చి పిల్లలతో ఫోటోలు దిగుతారు. పెద్దవాళ్లకు తలకు 70 డాలర్ల చుట్టుపక్కల మొదలయ్యే ఆ భోజనానికి డబ్బు కట్టడానికి సిద్ధపడ్డా, డిసెంబర్ సెలవుల్లో టేబుల్ దొరకడం గగనమే. అక్కడే ఉన్న మరో పార్కు ఎప్కాట్‌లోని స్పేస్ 220, స్టార్ వార్స్ ప్రాంతంలోని ఓగాస్ క్యాంటీనా, రివియేరా హోటల్ పైఅంతస్తులోని టొపోలినోస్ టెర్రస్ విషయంలోనూ రద్దీ రోజుల్లో ఇదే తంతు.

ఇక్కడే పెయిడ్ అలర్ట్ సర్వీసులు రంగంలోకి దిగుతాయి. ఏ రోజు, ఏ పూట, ఎంతమంది అన్నది చెబితే, ఎవరైనా తమ టేబుల్ రద్దు చేసుకోగానే మీ ఫోన్‌కి మెసేజ్ పంపిస్తాయి. అందుకు కొన్ని డాలర్లు తీసుకుంటాయి. "అందరికీ ఉచితంగా కనిపించాల్సినదాన్ని డబ్బు కట్టినవాళ్లకు ముందు చూపిస్తారా?" అని కొందరికి మంట. "ఖాళీగా పోయే కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటున్నారు, ఎవరి సొమ్ము పోయింది?" అని ఇంకొందరి వాదన. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఎంత నిజమో తేలాలంటే ముందు ఈ రిజర్వేషన్లు ఎలా తెరుచుకుంటాయో, రద్దయినవి ఎక్కడికి పోతాయో చూడాలి.

60 రోజుల లెక్క, దానిలో దాగిన మెలిక

డిస్నీ వరల్డ్‌లో కూర్చుని తినే రెస్టారెంట్లకు 60 రోజుల ముందు నుంచి రిజర్వేషన్ ఇస్తారు. 2020కి ముందు ఇది 180 రోజులు. కోవిడ్ మూసివేత తర్వాత పార్కులు తెరిచినప్పుడు 60కి కుదించారు. ఆన్‌లైన్‌లో స్లాట్లు తూర్పు అమెరికా సమయం ప్రకారం ఉదయం 6 గంటల ప్రాంతంలో వస్తాయి. డాలస్‌లో ఉన్నవాళ్లకు అది తెల్లవారుజామున 5, కాలిఫోర్నియా వాళ్లకు 3. హైదరాబాద్‌లో మాత్రం మధ్యాహ్నం మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. తమ్ముడికి లాగిన్ ఇచ్చి "నువ్వే కొట్టరా" అనడానికి అనువైన సమయమే.

మెలిక ఏమిటంటే, డిస్నీ సొంత హోటళ్లలో దిగేవాళ్లు చెక్-ఇన్‌కి 60 రోజుల ముందు ఆ ఒక్క రోజుకే కాదు, తమ బస మొత్తానికి, గరిష్ఠంగా 10 రోజుల వరకు, ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. డిసెంబర్ 20న డిస్నీ హోటల్లో దిగి వారం పైనే ఉండే కుటుంబానికి బుకింగ్ అక్టోబర్ 21న మొదలవుతుంది. ఆ ఉదయమే వాళ్లు డిసెంబర్ 27 రాత్రి భోజనం కూడా పట్టేయగలరు. పక్కనే కిస్సిమ్మీలో ఇల్లు అద్దెకు తీసుకున్న కుటుంబానికి అదే డిసెంబర్ 27 బుకింగ్ అక్టోబర్ 28న గానీ తెరుచుకోదు. ఇద్దరి మధ్య వారం తేడా. 28వ తేదీ ఉదయం 6 గంటలకు ఎంత ఠంచనుగా కూర్చున్నా, కోటలో టేబుల్ కోసం చూసే రెండో కుటుంబానికి కనిపించేవి మిగిలిపోయిన స్లాట్లే.

కాబట్టి "ముందొచ్చినవాళ్లకు ముందు" అన్న సూత్రం అలర్ట్‌లు రాకముందే సమానంగా లేదు. హోటల్ గదికి ఎక్కువ పెట్టినవాళ్లు ముందే లోపల ఉన్నారు. దీన్ని తప్పుపట్టాలా వద్దా అన్నది వేరే సంగతి. హోటల్ నడిపేవాడు తన అతిథికి మర్యాద చేయడం వింతేమీ కాదు. అయితే అలర్ట్ సర్వీసులు సమానమైన క్యూని చెడగొట్టాయన్న వాదన ఇక్కడే సగం నీరుగారిపోతుంది.

కొరతకు ఇంకో కారణం ధర. ఒక సాయంత్రానికి గిరాకీ పెరిగిందని విమానం టికెట్‌లా పూటపూటకూ రేటు మారదు. ధర పెరిగి గిరాకీ తగ్గే వీలు లేనప్పుడు ఆ బరువంతా క్యూ మీద పడుతుంది. బల్లల సైజు కూడా లెక్కలోకి వస్తుంది. ఇద్దరికీ నలుగురికీ దొరికే స్లాట్లు ఎనిమిది మందికి దొరకవు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నప్పుడు రెండు కుటుంబాలు కలిసి వెళ్లే మనవాళ్లకు ఇది బాగా తగిలే దెబ్బ. ఎనిమిది మందికి అలర్ట్ పెట్టుకుంటే చాలాసార్లు ఒక్క మెసేజ్ కూడా రాదు. అదే రెండు నాలుగులుగా విడగొడితే మెసేజ్‌లు వస్తాయి, కానీ రెండు బల్లలు ఒకే వేళకు, పక్కపక్కన దొరుకుతాయన్న హామీ ఉండదు.

రద్దయిన టేబుళ్లు ఎందుకు అన్ని ఉంటాయి

చాలా రెస్టారెంట్లు రిజర్వేషన్‌కి క్రెడిట్ కార్డు అడుగుతాయి. భోజన సమయానికి 2 గంటల ముందు వరకు రద్దు చేసుకుంటే పైసా పోదు. ఆ తర్వాత రద్దు చేసినా, అసలు రాకపోయినా తలకు 10 డాలర్లు కోత. నలుగురికి 40 డాలర్లు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ లాంటి ఖరీదైన చోట నిబంధనలు ఇంకా కఠినం, కోత ఇంకా పెద్దది. ముందుగానే మొత్తం డబ్బు కట్టించుకునే విందు ప్రదర్శనలు వేరే కోవ. ఈ 2 గంటల గడువు ఒకప్పుడు 24 గంటలు ఉండేది.

గడువు తగ్గడంతో టేబుల్‌ని ఆఖరి నిమిషం దాకా అట్టిపెట్టుకోవడం దాదాపు ఉచితం అయిపోయింది. భర్త ఖాతాలో ఒక రెస్టారెంట్, భార్య ఖాతాలో ఇంకొకటి పట్టుకుని, ఆ రోజు పిల్లల మూడ్‌ని బట్టి తేల్చుకునే కుటుంబాలు ఉంటాయి. వాళ్లు నిబంధనేదీ మీరడం లేదు. కానీ ఒక కుటుంబం రెండు బల్లలు పట్టుకుంటే మూడో కుటుంబానికి "ఖాళీలు లేవు" అనే కనిపిస్తుంది. నిజానికి ఆ సాయంత్రం ఒక బల్ల ఖాళీ కాబోతోంది.

ఆ ఖాళీలు అలలు అలలుగా వస్తాయి. బుకింగ్ తెరుచుకున్న మొదటి కొద్ది రోజుల్లో, ఇంకా మంచి సమయం దొరికినవాళ్లు పాతది వదిలేస్తారు. డిస్నీ ప్యాకేజీలకు మిగతా సొమ్ము ప్రయాణానికి 30 రోజుల ముందు కట్టాలి. ప్రయాణం మానుకునేవాళ్లు సరిగ్గా అప్పుడే మానుకుంటారు. ముందు రోజు రాత్రి సూట్‌కేసులు సర్దుతూ ప్లాన్ మార్చుకునేవాళ్లది ఇంకో అల. చివరిది గడువు ముంగిట వచ్చేది. సాయంత్రం 6:30 భోజనానికి 4:30 దాటితే కోత పడుతుంది, కాబట్టి నాలుగింటికీ నాలుగున్నరకూ మధ్య కొన్ని బల్లలు బయటపడతాయి. అలర్ట్ వ్యాపారమంతా ఈ అలల మీదే నడుస్తోంది. రద్దుకు ఖర్చు ఉండి ఉంటే వీటిలో సగం అలలు పుట్టేవే కావు.

అలర్ట్ సర్వీసు లోపల జరిగేది

డిస్నీ వెబ్‌సైట్‌లో మీరు తేదీ, పూట, మనుషుల సంఖ్య ఇచ్చి ఖాళీలు వెతుకుతారు కదా, అదే పనిని ఒక ప్రోగ్రామ్ మళ్లీ మళ్లీ చేస్తుంది. ఇంతకుముందు "లేదు" అని వచ్చిన చోట ఇప్పుడు "ఉంది" అని వస్తే, దాన్ని అడిగినవాళ్లందరికీ మెసేజ్ పోతుంది. ఇందులో రహస్య ద్వారం ఏమీ లేదు.

కాకపోతే పని పరిమాణం పెద్దది. 50 రెస్టారెంట్లు, 60 రోజులు, 3 పూటలు, ఒకరి నుంచి మొదలుపెట్టి 5 రకాల గ్రూప్ సైజులు అనుకుందాం. మొత్తం 45,000 ప్రశ్నలు. అన్నింటినీ 5 నిమిషాలకోసారి అడగాలంటే సెకనుకు 150 ప్రశ్నలు. ఏ వెబ్‌సైటూ బయటివాళ్ల నుంచి అంత తాకిడిని చూస్తూ ఊరుకోదు. అందుకే అలర్ట్ నడిపేవాళ్లు చందాదారులు అడిగినవాటినే చూస్తారు, వాటిలోనూ గిరాకీ ఉన్నవాటిని తరచుగా, మిగతావాటిని అరుదుగా. కొన్ని సర్వీసులు ఈమెయిల్ ఉచితంగా ఇచ్చి ఫోన్ మెసేజ్‌కి డబ్బు తీసుకుంటాయి. అంటే డబ్బు కట్టేది వార్త కోసం కాదు, వార్త అందే వేగం కోసం.

ఇంత చేసినా అలర్ట్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి టేబుల్ రాదు. రాత్రి 8:10కి ఎవరో రద్దు చేశారు. 8:14కి ప్రోగ్రామ్ చూసింది, అర నిమిషంలో మెసేజ్ వెళ్లింది. అదే రోజు, అదే పూట కోసం 300 మంది ఎదురుచూస్తున్నారు అనుకుంటే, 300 ఫోన్లు ఒకేసారి మోగుతాయి. బల్ల ఒక్కటే. ఫోన్ చేతిలో ఉండి, డిస్నీ ఖాతాలో ముందే లాగిన్ అయి, కార్డు వివరాలు సేవ్ చేసుకున్న ఒకరికి అది పోతుంది. మిగిలిన 299 మంది లింక్ నొక్కేసరికి ఖాళీ ఉండదు. "అబద్ధపు అలర్ట్" అని చాలామంది తిట్టుకునేది దీన్నే. అలర్ట్ నిజమే, ఆలస్యమైంది. ఎవరో బుకింగ్ సగం దాకా చేసి వదిలేయడం వల్ల కనిపించి మాయమయ్యే స్లాట్లు దీనికి తోడు.

దీనిలోనే ఈ వ్యాపారపు వింత లక్షణం ఉంది. చందాదారులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి దక్కే ప్రయోజనం తగ్గుతుంది. 10 మంది వాడినప్పుడు అది నిజమైన ఆధిక్యం. అందరూ వాడితే మళ్లీ మొదటికే వస్తాం. అదే పరుగు, అవే బల్లలు, కాకపోతే ఈసారి అందరి చేతి చమురూ వదిలి ఉంటుంది. అలర్ట్ అమ్మేవాళ్లు తమ విజయగాథలు చెబుతారు గానీ ఒక్కో స్లాట్‌కి ఎంతమందికి మెసేజ్ పంపారో చెప్పరు. కొనేవాడికి తెలియాల్సిన ఒకే ఒక్క అంకె అదే.

కబురు చెప్పడం ఒకటి, పట్టి పెట్టడం ఒకటి, అమ్మడం ఇంకొకటి

వాదనల్లో ఈ మూడూ కలిసిపోతుంటాయి. మొదటిది ఖాళీ ఉందని చెప్పి వదిలేయడం. బుక్ చేసుకోవాల్సింది మీరే, డిస్నీ సైట్‌లోనే, మీ పేరు మీదే. రెండోది మీ ఖాతా వివరాలు తీసుకుని మీ తరఫున ప్రోగ్రామే బుక్ చేసేయడం. ఇక్కడ మనిషి వేలికీ యంత్రం వేగానికీ పోటీ మొదలవుతుంది, మనిషి ఓడిపోతాడు. పాస్‌వర్డ్ పరాయివాళ్ల చేతిలో పెట్టిన ప్రమాదం అదనం. మూడోది ఎవరో ముందే ఏవేవో పేర్లతో బల్లలు పట్టి ఉంచి, వాటిని డబ్బుకి అమ్మడం. సినిమా విడుదల రోజు హాలు బయట బ్లాక్‌లో టికెట్లు అమ్మేవాడు చేసేది ఈ మూడో పని. "కౌంటర్ తెరిచార్రా" అని అరిచేవాడు చేసేది మొదటిది.

తేడా చూడటానికి ఒక ప్రశ్న చాలు: ఈ సర్వీసు లేకపోతే ఆ బల్ల ఎవరికైనా దొరికేదా? అమ్మేవాడి విషయంలో దొరికేది, వాడు దాన్ని కావాలని క్యూలోంచి తప్పించాడు. అమ్ముడుపోకపోతే చివరి గంటల్లో వదిలేస్తాడు, అప్పటికి చాలామంది ఆశ వదులుకుని వేరే చోట తినేసి ఉంటారు. కబురు చెప్పేవాడు ఏ బల్లనూ ఆపలేదు.

మనవాళ్లలో చాలామందికి ఈ తేడా అమెరికా వీసా స్లాట్ల ద్వారా బాగా పరిచయం. టెలిగ్రామ్ గ్రూపుల్లో "హైదరాబాద్‌లో స్లాట్లు కనిపిస్తున్నాయి" అని ఒకరికొకరు చెప్పుకోవడం కబురు. డబ్బు తీసుకుని లాగిన్‌తో బుక్ చేసిపెట్టే ఏజెంట్లది వేరే పని. 2025 మార్చిలో భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం బాట్‌లతో తీసుకున్న సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను రద్దు చేసింది. వేటు పడింది యంత్రం చేత బుక్ చేయించుకున్నవాటి మీద.

"ఎవరికీ నష్టం లేదు" అన్న మాట ఎంతవరకు నిజం

అలర్ట్‌లను సమర్థించేవాళ్ల బలమైన వాదన ఇది. కుర్చీలు తగ్గలేదు, ధర పెరగలేదు, రెస్టారెంట్ నిండింది. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. అలర్ట్‌లు లేని రోజుల్లో రద్దయిన ఒక బల్ల సగటున గంటసేపు సైట్‌లో కనిపించేదనుకుందాం. మెలకువగా ఉండే 16 గంటల్లో ఎప్పుడో ఓ నాలుగుసార్లు తీరిక దొరికినప్పుడు చూసే మనిషికి అది కంటపడే అవకాశం 960 నిమిషాల్లో 240, అంటే దాదాపు నాలుగింట ఒక వంతు. అలర్ట్‌లు వచ్చాక అదే బల్ల 3 నిమిషాల్లో మాయమవుతోందనుకుంటే, అదే మనిషికి అవకాశం 960లో 12. నూటికి ఒకటింపావు. అంకెలు ఊహించినవే అయినా దిశ మాత్రం మారదు. అలర్ట్ ఒక్క బల్లను కూడా దొంగిలించదు, కానీ బల్ల కనిపించే సమయాన్ని కోసేస్తుంది. నష్టపోయేది అలర్ట్ గురించి తెలియనివాళ్లు. మొదటిసారి వెళ్లేవాళ్లు, మనవరాలి కోసం వెతికే అమ్మమ్మలు, ఇంగ్లిష్‌లో తికమకపడేవాళ్లు. ఎవరికీ నష్టం లేదన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. అలర్ట్‌లు లేనప్పుడు ఆ బల్లలు ఎవరికి దక్కేవి? రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేస్తూ పక్క ట్యాబ్‌లో రిఫ్రెష్ కొట్టగలిగినవాళ్లకు. ఆసుపత్రిలో 12 గంటల షిఫ్టు చేసే నర్సుకూ గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర నిలబడే మనిషికీ ఆ వీలు లేదు. తీరిక కూడా ఒక ఆస్తే, అందరికీ సమానంగా పంచి లేదు. కొన్ని డాలర్లతో ఆ కాపలా పనిని యంత్రానికి అప్పజెప్పడం, తీరిక లేనివాళ్లకు కొంత సమత్వం తెచ్చినట్టే.

కొంత మాత్రమే. మెసేజ్ వచ్చినప్పుడు రెండు మూడు నిమిషాల్లో స్పందించగలగాలి. వార్డులో ఉన్న నర్సు ఫోన్ లాకర్‌లో ఉంటే అలర్ట్ ఎందుకూ పనికిరాదు. రోజంతా చూస్తూ కూర్చోనక్కర్లేదన్నది నిజమే, పిలిచిన క్షణంలో పలకాలన్నది మాత్రం అలాగే ఉంది. సర్వీసులు తమ ప్రకటనల్లో మొదటిదే చెబుతాయి.

పేదవాళ్లకు అన్యాయం అనే వాదన మాత్రం ఈ చోట అంత గట్టిగా నిలబడదు. పార్కు టికెట్లు, విమానం, హోటల్ కలిపి వేల డాలర్లు పెట్టే ప్రయాణంలో అలర్ట్ చందా ఎవరినీ బయటికి నెట్టదు. మరి ఇంత కోపం ఎందుకు? చిన్న చిన్న సుంకాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోవడం వల్ల. రైడ్‌లకు క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ 2020 దాకా ఉచితం. 2021 అక్టోబర్‌లో దాని స్థానంలో రోజుకు 15 డాలర్లతో జీనీ ప్లస్ వచ్చింది. 2024 జూలైలో అది లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అయింది. అదే అక్టోబర్ చివర్లో మనిషికి 129 నుంచి 449 డాలర్ల దాకా పలికే ప్రీమియర్ పాస్ వచ్చింది. వీటన్నిటి తర్వాత "టేబుల్ ఖాళీ అయిందో లేదో చెప్పడానికి కూడా డబ్బా?" అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ విసుగు న్యాయమైనదే, అయితే దానికి అసలు చిరునామా అలర్ట్ సర్వీసు కాదు.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

అమెరికాలో 2016 నాటి బాట్స్ చట్టం వినోద కార్యక్రమాల టికెట్లను యంత్రాలతో కొల్లగొట్టడాన్ని ఆపడానికి వచ్చింది. 200 మందికి పైగా పట్టే వేదికల్లో జరిగే కచేరీలు, ఆటలు, నాటకాల వంటివాటికి అది వర్తిస్తుంది. రెస్టారెంట్ బల్లలు దాని పరిధిలో లేవు. ఆ ఖాళీని మొదట న్యూయార్క్ పూరించింది. అక్కడి పేరున్న రెస్టారెంట్ల రిజర్వేషన్లు అపాయింట్‌మెంట్ ట్రేడర్ వంటి సైట్లలో వందల డాలర్లకు చేతులు మారుతుండటంతో, రెస్టారెంట్‌తో లిఖిత ఒప్పందం లేకుండా మూడో పార్టీలు రిజర్వేషన్లు అమ్మకానికి పెట్టకూడదని చట్టం చేశారు. 2024 డిసెంబర్‌లో గవర్నర్ క్యాతీ హోకల్ సంతకం చేశారు. 2025లో డిస్నీ వరల్డ్ ఉన్న ఫ్లోరిడా కూడా అదే బాట పట్టింది. ఈ చట్టాల గురి రిజర్వేషన్‌ను సరుకుగా మార్చి అమ్మేవాళ్ల మీద, అంటే పైన చెప్పిన మూడో రకం మీద.

అలర్ట్‌లకు అడ్డు చట్టం కన్నా ఎక్కువగా ఒప్పంద షరతులు. రోబోలు, స్క్రేపర్ల (సైట్‌లోంచి సమాచారాన్ని లాగే ప్రోగ్రామ్‌ల) వంటి యాంత్రిక పద్ధతులతో తమ సైట్‌లోని సమాచారాన్ని గమనించకూడదు, కాపీ చేయకూడదు అని డిస్నీ వాడుక నిబంధనల్లో ఉంది. షరతు ఉల్లంఘన నేరం కాకపోవచ్చు, కానీ ఖాతా మూసేయడానికీ సైట్‌లోకి రాకుండా అడ్డుకోవడానికీ అది చాలు. బహిరంగంగా కనిపించే సమాచారాన్ని యంత్రంతో సేకరించడం మీద అమెరికా కోర్టుల్లో పెద్ద కేసు లింక్డ్‌ఇన్‌కీ హైక్యూ అనే కంపెనీకీ మధ్య నడిచింది. అది కంప్యూటర్ చొరబాటు చట్టం కిందికి రాకపోవచ్చని 2022 ఏప్రిల్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు అభిప్రాయపడింది. అదే ఏడాది నవంబర్‌లో కింది కోర్టు మాత్రం హైక్యూ వాడుక షరతులను ఉల్లంఘించిందని తేల్చింది. అలర్ట్ సర్వీసుల పరిస్థితి కూడా ఈ రెండు తీర్పుల నడుమ ఎక్కడో వేలాడుతోంది. ఏదో ఒక ఉదయం సైట్‌లో చిన్న మార్పు జరిగి అలర్ట్‌లన్నీ మూగబోతే, ఏడాది చందా కట్టినవాళ్లకు అడగడానికి పెద్దగా ఆధారం ఉండదు.

కంపెనీయే ఉచితంగా చెప్పొచ్చు కదా

చెప్పొచ్చు. బయటి రెస్టారెంట్లకు రిజర్వేషన్లు నడిపే ఓపెన్‌టేబుల్, రెజీ రెండింటిలోనూ ఖాళీ వస్తే తెలియజేసే సౌకర్యం ఉంది, డబ్బు అక్కర్లేదు. కంపెనీ తానే చెబితే యంత్రాల తాకిడి తగ్గుతుంది, తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అనే తేడా చాలావరకు పోతుంది. కానీ అధికారికమైనంత మాత్రాన సమానం అయిపోదు. రెజీని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2019లో కొనుక్కుంది. ఇప్పుడు ఆ కంపెనీ ఖరీదైన కార్డులు ఉన్నవాళ్లకు ఖాళీ కబురు మిగతావాళ్ల కన్నా ముందు వెళ్లే ఏర్పాటు ఉంది. పైగా ఒకే కబురు అందరికీ ఒకేసారి పంపితే పైన చూసిన 300 ఫోన్ల సమస్య తప్పదు. వరస ప్రకారం ఒక్కొక్కరికి పది నిమిషాలు గడువిచ్చి అడిగే వెయిటింగ్ లిస్టు అయితే ఆ పరుగు ఉండదు. దానికి మూల్యం నెమ్మదితనం. భోజనానికి రెండున్నర గంటల ముందు ఖాళీ అయిన బల్లకు వరసగా ఆరుగురిని అడిగేసరికి గంట గడిచిపోతుంది.

డిస్నీ యాప్‌లో వాక్-అప్ వెయిట్ లిస్టు ఉంది. కొన్ని రెస్టారెంట్లకు, అప్పటికప్పుడు, దగ్గర్లో ఉన్నవాళ్లు మాత్రమే పేరు ఇవ్వగలరు. దీనిలో అలర్ట్ సర్వీసులకు అమ్ముకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు, ఎందుకంటే హ్యూస్టన్‌లో సోఫాలో కూర్చున్న మనిషికి ఆ కబురు పనికిరాదు. బల్ల నిజంగా అక్కడ ఆకలితో ఉన్నవాళ్లకే పోతుంది. కానీ కోటలో భోజనం చేయిస్తానని ఆరేళ్ల పాపకు మాటిచ్చి బయల్దేరిన తల్లిదండ్రులకు "అక్కడికెళ్లాక చూద్దాం" అన్నది జవాబు కాదు.

అసలు మూలంలో ఉన్నది ఉచితంగా రద్దు చేసుకునే ఆ 2 గంటల గడువే. దాన్ని మళ్లీ 24 గంటలకు మారిస్తే, రెండేసి బల్లలు పట్టుకునేవాళ్లు ముందు రోజే ఒకటి వదులుతారు. ఖాళీలన్నీ ఊహించగలిగే ఒకే వేళకు వస్తాయి కాబట్టి, ముందు రోజు సాయంత్రం అరగంట కూర్చున్న ఎవరికైనా అవి కనిపిస్తాయి. అలర్ట్ అవసరం చాలావరకు తగ్గుతుంది. కానీ సాయంత్రం 6:30కి బల్ల పట్టుకున్నాక, మధ్యాహ్నం రెండింటికి పిల్లాడికి జ్వరం వచ్చిన ఐదుగురి కుటుంబానికి ఆ రోజు 50 డాలర్లు పోతాయి. ఇప్పటి నిబంధన కింద అదే కుటుంబం నాలుగున్నరలోపు రద్దు చేసుకుని, ఏమీ పోగొట్టుకోకుండా హోటల్ గదిలో పడుకోవచ్చు. ఆ వెసులుబాటు ఉన్నంతకాలం కాపలా కాసేవాళ్లూ, కాపలా అమ్మేవాళ్లూ ఉంటారు.